ఎండ తగిలిన ఇరవైనాలుగు సాళ్లు

“నీడన ఆరబెట్టమ్మా, ఎండ తగలనివ్వకు” అని మా మహిమ మూడుసార్లు చెప్పి మరీ సత్తెనపల్లి బస్సెక్కింది. మూడుసార్లూ ఊఁ కొట్టాను. బస్సు మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడి, అది క్షేమంగా చేరాలని ప్రార్థన చేసుకుని, చేలోకి వచ్చి ఆ జొన్న విత్తనాల వంక చూశాను. చూసిన దగ్గర్నుంచీ గుండెలో దడ.

మహిమ మాకు ఒక్కతే కూతురు. వ్యవసాయ పాలిటెక్నిక్ చదివింది. పొలానికి మేలు చేసే బాక్టీరియాను రైతులకు పరిచయం చేసే ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. పొరుగూళ్లలో ఎక్కడెక్కడో తిరిగింది గానీ, సొంత ఊళ్లో చేసి చూపించడం ఇదే మొదలు. మేం పనికి పోయే ఆసామి వెంకటేశ్వరమ్మ గారు పత్తికట్టె పీకించిన ఎకరం చేలో జొన్న వేయిస్తూ, “సరే, నా చేలోనే చేసి చూపించవే” అన్నారు. సగం చేలో మామూలు విత్తనం, సగం చేలో బాక్టీరియా పట్టించిన విత్తనం. నెల తర్వాత నలుగురు రైతుల ముందు మొక్కలు పీకి వేళ్లు చూపించాలి. వేళ్లలో తేడా కనబడిందా, ఇకమీదట ఊళ్లో అది చెప్పే మాట వింటారు. కనబడలేదా, ‘జక్రయ్య కూతురు నాలుగు ముక్కలు చదువుకొచ్చి మనకు సేద్యం నేర్పుద్దంట’ అని టీకొట్టు దగ్గర నవ్వుతారు. ఆ నవ్వు నేనెరుగుదును. మా ఆయన జక్రయ్య ఈ చేలన్నిటిలో విత్తే గొర్రు తోలినవాడు. నేను ఆ గొర్రు వెనక గింజ వేసినదాన్ని. మా పని ఊరికి తెలుసు. మా మాట వినే అలవాటు ఊరికి ఇంకా కాలేదు.

ఆ బాక్టీరియా మా ఇంటికి వచ్చిన రోజే నాకు నిద్ర కరువైంది. బొగ్గుపొడిలాంటి నల్లటి పొడి, ప్యాకెట్టులో.

“ఇందులో ఏముంది?” అన్నాను.

“కోట్ల కొద్దీ ప్రాణులున్నాయమ్మా. కంటికి కనపడవు. అజోస్పైరిల్లం అంటారు.”

“అంటే పురుగులా?”

“పురుగులు కాదే. బాక్టీరియా.”

“క్రిములేగా మరి! డబ్బులిచ్చి క్రిముల్ని కొనుక్కొచ్చి ఇంట్లో పెడతావా? అదీ బియ్యం డబ్బా పక్కన!”

నా భయం నాది. మహిమకు పది నెలలప్పుడు నీళ్లలోని క్రిములు కడుపులోకి పోయి, మూడు రోజులు బతుకుతుందో లేదో అన్నట్టయింది. అప్పట్నుంచి నేను నీళ్లు కాచకుండా దాని నోట పోయలేదు. ఇరవైరెండేళ్లు క్రిముల నుంచి కాచుకున్న పిల్ల ఇప్పుడు వాటినే చేతుల్తో కలుపుతానంటుంటే ఏం చెప్పను?

అది నవ్వి, నన్ను గడప మీద కూర్చోబెట్టి నింపాదిగా చెప్పింది. మొక్క పెరగడానికి దాని ఒంట్లోనే ఒక రసం ఊరుతుందట. ఆక్సిన్ అనే హార్మోన్. ఈ బాక్టీరియా జొన్న వేరు పక్కనే కాపురం పెట్టి, వేరు ఇచ్చే తీపి తిని, బదులుగా ఆ హార్మోన్నే కాస్త కాస్త అందిస్తుందట. దాంతో వేరు ఇంకాసిని పిల్లవేళ్లు వేస్తుంది. పిల్లవేళ్లు ఎన్నుంటే అంత నీరు, అంత ఎరువు అందుకుంటుంది.

హార్మోన్ అన్న మాట వినగానే నాకు ఇంకో దడ. “అమ్మో! మూడేళ్ల కిందట పక్క చేలో మొక్కజొన్నకు కలుపు మందు కొడితే గాలికి వెంకటేశ్వరమ్మ గారి పత్తి మీద పడి, ఆకులన్నీ బెండాకుల్లా చీలికలు కాలేదూ? అది హార్మోన్ మందేనని చెప్పారుగా? ఇప్పుడు జొన్న వేసే చేను పక్కనే యలమందయ్య గారి మిరప తోట ఉంది. దానికేమన్నా అయితే?”

మహిమ నా వంక కాసేపు చూసింది. “అమ్మా, నువ్వు ఏడో తరగతితో ఆపకుండా ఉండాల్సింది. సరిగ్గానే పట్టుకున్నావు. అదీ ఇదీ ఒక జాతివే. కాకపోతే అది మొక్క నోట్లో కుండతో కుమ్మరించడం. ఇది ఉగ్గుగిన్నెతో పట్టడం. కుమ్మరిస్తే బిడ్డకు ఉక్కిరిబిక్కిరే, ఉగ్గుతో పడితే ఒళ్లు చేస్తుంది. పైగా ఇది వేరు దగ్గర్నుంచి కదిలి గాలిలో పోదు.”

ఉగ్గు మాట నాకు నచ్చింది. భయం మాత్రం పోలేదు.

విత్తే రోజు పొద్దున్నే మామూలు సగం మహిమ ఎదురుగానే విత్తేశాం. తొమ్మిదింటికి దానికి ఆఫీసు నుంచి ఫోను, మీటింగుకి రమ్మని. ఎడ్లకు మేత వేసి, మధ్యాహ్నం రెండో సగం విత్తుదామనుకున్నాం. పొడి గింజకు అంటుకోవడానికి బెల్లం నీళ్లు కాచి చల్లార్చి ఉంచింది. “రెండు బేసిన్ల గింజా ఒక్కసారి కలిపితే ఉండలు కడతాయి. ఒకటయ్యాక ఒకటి కలుపు. నీడలో పలచగా పరువు” అని చెప్పి వెళ్లింది.

మొదటి బేసిన్ కలిపాను. చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని కలిపాను. గింజలన్నీ నల్లగా, జిగటగా అయ్యాయి. ఒక గుప్పెడు తీసి వేళ్ల మధ్య జార్చి చూస్తే జారవు. గొర్రు మీద నిలబెట్టిన చెక్క గిన్నెను మేం జడ్డిగం అంటాం. అడుగున మూడు బెజ్జాలు, బెజ్జానికో గొట్టం. ఎడ్లు నడుస్తుంటే వెనకే నడుస్తూ ఒడిలోని గింజను ఆ గిన్నెలోకి సన్నగా, ఆగకుండా జారుస్తూ పోవాలి. ఎడ్లు చేను కొసదాకా పోయే ఒక పోకకు మూడు సాళ్లు పడతాయి. గింజ గింజకు అంటుకుందా, ఒకచోట గుంపు, ఒకచోట బోడి. మొలిచాక ఊరంతా చూసి విత్తినదాని పేరు చెప్పుకుంటుంది. పాతికేళ్లలో నా వెనక బోడి సాలు లేదు.

ఆ చేలోనే ఓ పక్క కళ్లంలో వెంకటేశ్వరమ్మ గారి మొదటి కోత మిరపకాయలు పట్టాల మీద ఎండుతున్నాయి. మాది మిరపకాయ ఊరు. ఇక్కడ తడిని చూస్తే అందరికీ వణుకే. కాయలో చెమ్మ మిగిలితే బూజు, బూజు పట్టిందంటే అంతా తాలు, ధర పలకని కాయ. కాయ గలగలలాడేదాకా ఎండలో తిరగేస్తూనే ఉంటాం. తడిసినది దేన్నైనా సరే, మా చేతులు వాటంతట అవే తీసుకుపోయి ఎండలో పోస్తాయి. కరోనా అప్పుడైతే నేను కూరగాయలు, బట్టలు, ఆఖరికి మా ఆయన చెప్పులు కూడా ఎండబెట్టాను. ఎండకు క్రిములు చస్తాయని టీవీలో కూడా చెప్పారు.

అదే అనుకున్నాను. ఎండలో పెడితే గింజ జారుతుంది. దానితోపాటు ఎక్కువైన క్రిములు కాసిని చచ్చి, మంచివి నాలుగు మిగులుతాయి. నా బిడ్డ చేతికి, పక్క తోటకు ప్రమాదం ఉండదు. నల్ల గింజల్ని తీసుకెళ్లి ఎర్రకాయల పక్కనే ఒక గోనెపట్టా మీద పలచగా పోశాను. పది గంటలు. ఇంతలో వెంకటేశ్వరమ్మ గారు కాయలు తిరగెయ్యమంటే ఆ పనిలో పడ్డాను. రెండు గంటలు ఎర్రటి ఎండ.

రెండో బేసిన్ కలిపి పట్టా దగ్గరికి తీసుకెళ్తుండగా గట్టు మీంచి మా ఆయన కేక.

“ఏందే ఎలీసమ్మా, ఎడ్లు కట్టి ఎంతసేపు నిలబడాలి? గింజ తెస్తావా, నన్నే జడ్డిగంలో పోసుకోమంటావా?”

“నిన్ను పోస్తే మొలవవు గానీ, వస్తన్నా ఆగు!” అన్నాను.

ముందు ఎండిన విత్తనం వేశాను. ఇసకలా జారింది. ఎనిమిది పోకలు, ఇరవైనాలుగు సాళ్లు. తర్వాత పచ్చి విత్తనం. అరచేతుల్లో నలుపుతూ, ఉండ చిదుపుతూ, ఒక్కో అడుగుకీ దేవుణ్ణి తలచుకుంటూ వేశాను. కవర్లు చినిగిపోయి చేతులు నల్లబడ్డాయి. మూడుసార్లు సబ్బుతో కడిగినా ఆ పూట అన్నం చెంచాతో తిన్నాను.

సాయంత్రం మహిమ వచ్చి, బ్యాగైనా దించకుండా అడిగింది. “నీడలోనే ఆరబెట్టావుగా అమ్మా? ఎండ తగిలితే బాక్టీరియా మొత్తం చచ్చిపోద్ది. వట్టి బొగ్గుపొడి పూసినట్టే.”

“మొత్తమా?” అన్నాను.

“మొత్తమే. ఏం, ఎందుకట్టా చూస్తన్నావు?”

“ఏం లేదు. ఆఁ, నీడలోనే” అనేశాను.

ఆ అబద్ధం ఎందుకాడానంటే, దాని ముఖం అంత సంతోషంగా ఉంది. మీటింగులో దాని పై అధికారి “మీ ఊరి పొలం ఫోటోలు నాకు కూడా పంపు” అన్నాడట. చెప్పేద్దామని నోరు తెరిచినప్పుడల్లా ఆ ముఖం అడ్డమొచ్చింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ముప్ఫై రేపులు గడిపాను. ఆదివారం గుళ్లో పాట పాడుతున్నా నా కళ్లముందు నల్లగింజలే. దాని ఉద్యోగం పోయినట్టు, అది ఇంట్లో మాట్లాడడం మానేసినట్టు, యలమందయ్య గారి తోట ఆకులన్నీ చీలికలైనట్టు, ఒకదాని తర్వాత ఒకటి ఊహించుకున్నాను. మిరప తోటకేమీ కాలేదు. అది వేరే సంగతి.

జొన్న బాగా మొలిచింది. పైకి చూస్తే చేనంతా ఒకటే పచ్చదనం. అది చూసి మహిమ, “పైన ఇప్పుడే తెలీదులే అమ్మా, కింద వేళ్లలో చూడు తమాషా” అంది.

వేళ్లు చూపించే రోజు పదిమందిదాకా వచ్చారు. వెంకటేశ్వరమ్మ గారు గట్టు మీద కుర్చీ వేయించుకున్నారు. పక్క తోట యలమందయ్య గారు తువ్వాలు దులుపుకుని, “ఏమ్మా మహిమా, మా జొన్నలకు స్కూలు పెట్టావంట, పరీక్షలు ఇయ్యాలేనా?” అన్నారు. అందరూ నవ్వారు. మహిమ కూడా నవ్వింది.

“ఇయ్యాలేనండీ. మార్కులు మీరే వెయ్యాలి” అని, పార తీసుకుని ముందు మామూలు సగంలోంచి మూడు మొక్కలు మట్టితో సహా ఎత్తింది. తర్వాత ఇటు సగంలోకి వచ్చింది. గట్టు పక్క సాళ్లు లెక్కలోకి రావని ఏడెనిమిది సాళ్లు లోపలికి పోయి, అక్కడ మూడు ఎత్తింది. అవి ఎండ తగిలిన సాళ్లు. విత్తినదానికి ఏ సాలులో ఏ గింజ పడిందో తెలియకుండా ఉంటుందా?

తొట్టి నీళ్లలో మట్టి కడిగి పక్కపక్కన పెట్టింది. ఇటు మూడు, అటు మూడు. మహిమ వాటిని ఇటు తిప్పింది, అటు తిప్పింది. మళ్లీ కడిగింది.

“కవల పిల్లల్లా ఉన్నయ్యే!” అన్నారు యలమందయ్య గారు. “ఏది మందుదో ఏది కాదో వాటి తల్లి కూడా చెప్పలేదు.”

ఈసారి నవ్వు పెద్దదైంది. మహిమ నవ్వలేదు. “ఒక్కోసారి... నేలను బట్టి...” అంటూ ఏదో చెప్పబోయి ఆగిపోయింది. దాని మెడ దగ్గర నరం కొట్టుకుంటోంది. పది నెలల పిల్లకు జ్వరంలో కొట్టుకున్నట్టే.

“అక్కడ కాదు” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. “మహిమా, అక్కడ పీకబాక. ఇరవైనాలుగు సాళ్లు దాటి అవతలికి పో.”

అందరూ నా వైపు తిరిగారు. “ఆ ఇరవైనాలుగు సాళ్ల గింజా ఎండలో ఆరబెట్టాను. నీడలో అని అది మూడుసార్లు చెప్పింది, నేను వినలేదు. అడిగితే అబద్ధం చెప్పాను. బాక్టీరియా చచ్చిపోయింది. తప్పు నా బిడ్డది కాదు. ఇందులో దాని తప్పు లేదు” అని, ఇంకేదో అనబోయి ఏడ్చేశాను.

మహిమ నన్ను చూసింది. పార తీసుకుని అవతలి సాళ్లలోకి నడిచింది. మూడు మొక్కలు ఎత్తి తెచ్చి కడిగింది. ఆ వేళ్లు వేరే. మొదట్లోంచే సన్నవేళ్లు చీపురు కుచ్చులా విచ్చుకుని, ఎంత కడిగినా మట్టి రేణువులు పట్టుకుని వదలడం లేదు. నా ఒళ్లు తేలికపడింది. ఒక్క నిమిషమే.

“ఆగండాగండి” అన్నారు యలమందయ్య గారు. “ఏ సాలులో పీకాలో తల్లికి ముందే తెలుసంట, కూతురు పోయి అక్కడే పీకిందంట! ఎలీసమ్మా, ఆ సాళ్లకు చాటుగా రెండు గుప్పెళ్లు యూరియా ఏమన్నా చల్లావా?”

ఇదొక్కటీ నేను ఊహించలేదు. ముప్ఫై రోజులు అన్ని రకాల చెడ్డా ఊహించాను. నేను నిజం చెబితే నా బిడ్డ మోసగత్తె అవుతుందని మాత్రం తోచలేదు.

వెంకటేశ్వరమ్మ గారు కుర్చీలోంచి లేచారు. “యూరియా వేస్తే ఆకు చెప్పదా బావా? చేనంతా ఒకటే రంగుంది, చూడు. నలభై ఏళ్లు సేద్యం చేసి ఆ మాత్రం తెలీదా నీకు?”

“తెలుసనుకో. అయినా మూడు మొక్కలు చూసి మార్కులెట్టా వేసేది?”

“వెయ్యబాక. నువ్వే పో. నీకు తోచినచోట పది అటు, పది ఇటు పీక్కురా. ఎండ సాళ్లు వదిలెయ్. ఆకు కనపడకుండా పైన కోసెయ్. నేను చేనుకు వీపు పెట్టి కూచుంటా. ఒక్కొక్కటే అందించు. ఏదేదో నేను చెప్తా. మహిమా, మీ అమ్మా నువ్వూ ఆ కళ్లం దగ్గరికి పోయి నిలబడండి. దగ్గరుంటే సైగలు చేశారంటాడు ఈయన.”

మేమిద్దరం కళ్లం దగ్గర నిలబడ్డాం. అక్కడికి మాటలు వినబడవు. చేతులు మాత్రం కనబడతాయి. మహిమ నాకు మూరెడు దూరంలో నిలబడి చేనువైపే చూస్తోంది. నేను దాని వంక చూడలేక మిరపకాయల్ని చూస్తున్నాను.

“ఎన్ని గంటలు?” అంది.

“ఏంది?”

“ఎండలో ఎన్ని గంటలు పెట్టావు?”

“పది నుంచి పన్నెండు. రెండు.”

“ఎందుకు పెట్టావమ్మా?”

“జిగటకు జడ్డిగంలో జారలేదే. బోడి సాళ్లు పడతాయని.” ఆగి, మిగతాది కూడా చెప్పాను. “క్రిములు నీకేమన్నా చేస్తాయని.”

“నాకా?” అని అది నా వైపు తిరిగింది. కోపంగా చూడబోయి, చూడలేక, తల పక్కకు తిప్పుకుంది. “నువ్వు నీళ్లు కాచీ కాచీ మన ఇంట్లో గిన్నెలన్నీ మాడగొట్టావు తెలుసా?”

“తెలుసు.”

“నెల రోజులు కడుపులో పెట్టుకుని ఎట్టా ఉన్నావే! ఆ రోజే చెబితే ఒక్క మాటతో పోయేదిగా.”

“నీ ముఖం చూసి చెప్పలేకపోయాను.”

అది చేయి చాపి నా కొంగు అంచు పట్టుకుంది. చిన్నప్పుడు సంతలో పట్టుకున్నట్టు.

అటు యలమందయ్య గారు ఒక్కో వేరూ అందిస్తున్నారు. వెంకటేశ్వరమ్మ గారు వేరును అరచేతిలో పరిచి, వేళ్లతో దువ్వి, ఏదో అంటున్నారు. ఆయన ఒకసారి తల ఊపుతారు, ఒకసారి గడ్డం గోక్కుంటారు. నేను వాళ్ల చేతుల్ని లెక్కపెడుతూ పద్నాలుగు దగ్గర తప్పిపోయాను. చివరికి ఆయన తువ్వాలు ఊపి మమ్మల్ని రమ్మన్నారు.

“ఇరవైకి పదిహేడు” అన్నారు. ఎవరి మీదో అలిగినట్టుగా అన్నారు. “మూడు తప్పింది.”

“ఆ మూడూ నా కళ్లజోడు తప్పు” అన్నారు వెంకటేశ్వరమ్మ గారు. “వేరు తేడా ఉంది. గింజలో ఎంత తేడా వస్తదో కోతలప్పుడు చూస్తా. అంతవరకూ ఇంత, అంత అని చెప్పను.”

“నేను కూడా చెప్పనండీ” అంది మహిమ. “గింజ సంగతి కోతలప్పుడే.”

ఆ మాటకు యలమందయ్య గారు దాని వంక కొత్తగా చూశారు. తర్వాత వంగి, మహిమ మొదట పీకిన ఎండ సాళ్ల మొక్కల్ని, మామూలు సగం మొక్కల్ని మళ్లీ పక్కపక్కన పెట్టి, “అయితే ఎండ తగిలితే ఇంతేనన్నమాట. మందు పెట్టినా పెట్టనట్టే” అన్నారు.

“ఇంతేనండీ.”

“మరి ప్యాకెట్టు మీద నీడ అని ఒక ముక్క రాసి వదిలేస్తే ఎట్టమ్మా? ఈ ఊళ్లో తడిగింజను ఎండలో పొయ్యనోడు ఎవడు? నేనైతే మిగతా గింజ కూడా పోసేవాణ్ణి. ఎలీసమ్మ నయం, సగమే పోసింది.” ఈసారి నవ్విన నవ్వులో నేను కూడా ఉన్నాను. వచ్చినవాళ్లలో ఒకావిడ, “నేను ఎండలో పోసి, పైన పట్టా కూడా కప్పేదాన్ని, కోళ్లు తినకుండా” అంది. ఎవరికి వాళ్లు తాము ఏం చేసేవాళ్లో చెప్పుకోవడం మొదలుపెట్టారు.

“వచ్చే వారం నా మొక్కజొన్నకు గింజ కలపాలి” అన్నారు యలమందయ్య గారు పోతూ పోతూ. “ఒక్క అరెకరమే. వచ్చి కలిపి పెట్టు. మీ అమ్మను కూడా తీసుకురా.”

“నేనెందుకయ్యగారూ, మళ్లీ ఏం పాడు చేస్తానో” అన్నాను.

“ఏం పాడు చెయ్యచ్చో నీకేగా తెలుసు!”

అందరూ వెళ్లాక మహిమ గట్టు మీద కూర్చుని పుస్తకం తెరిచింది. మామూలు సాళ్లు, ఎండ తగలని సాళ్లు అని రాసి, కింద ‘ఎండ సాళ్లు, 24, రెండు గంటలు’ అని రాసుకుంది. నా పేరు రాస్తుందేమో, అది పై అధికారి చూస్తాడేమోనని తొంగి చూస్తున్నాను.

“నీ పేరు లేదులే. ఊపిరి తీసుకో” అంది తలెత్తకుండా. “ఇప్పుడు చెప్పు. నీడలోనే ఆరాలి, జడ్డిగంలో జారాలి. ఏం చెయ్యాలి?”

నన్నడుగుతోందా అని చూశాను. నన్నే.

“బెల్లం ఎక్కువైందే” అన్నాను. “నువ్వు పెట్టిన దాంట్లో సగం చాలు. గింజ తడిస్తే చాలు, నానకూడదు. కలిపాక గోనె మీద కాదు, గుడ్డ మీద పరిచి, ఇద్దరు చెరో కొస పట్టుకుని అటూ ఇటూ ఊపాలి. గింజకు గింజ విడిపోద్ది. చింతచెట్టు నీడలో గాలి ఆడుద్ది, అక్కడైతే గంటలో ఆరుద్ది.”

“ఆగు ఆగు, నెమ్మదిగా. సగం అంటే ఎంత?”

“సగమంటే సగమే.”

“అట్టా రాస్తే మా ఆఫీసులో ఒప్పుకోరమ్మా. గ్రాముల్లో చెప్పు.”

గ్రాములు నాకెక్కడ తెలుసు? అరచెయ్యి ముందుకు చాపి, ఎంత బెల్లమో వేళ్లు ముడిచి చూపించాను. అది నా చేతిని తన చేతిలోకి తీసుకుని, ఎంత పడుతుందో చూస్తూ, రాసుకోవడం మొదలుపెట్టింది.